సైబర్ పాలసీలో ‘యుద్ధం’ క్లాజు: క్లెయిమ్ చేయి జారకుండా ఏం చేయాలి?

2025 మేలో పాకిస్తాన్‌తో కాల్పుల తర్వాత నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. “అన్నా, యుద్ధం టైంలో హ్యాక్ అయితే ఇన్సూరెన్స్ రాదంట కదా?” మారతహళ్లిలో పాతిక మందితో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే కుర్రాడూ అదే అడుగుతాడు, పీణ్యలో మెషిన్ షాపు ఉన్న హిందూపురం ఆయనా అదే అడుగుతాడు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకే రాసి పెడుతున్నాను.

నేను బెంగళూరులో బ్రోకింగ్ పనిలో ఉన్నాను, క్లెయిములు చూస్తాను. లాయర్ని కాదు. మీ నష్టం కోట్లలో ఉంటే ఇది చదివాక లాయర్ని కూడా కలవండి.

“రాదంట కదా” అన్నదానికి జవాబు అవునూ కాదు, కాదూ కాదు. మీ పాలసీలో ఏ రకం యుద్ధం క్లాజు (యుద్ధం వల్ల వచ్చే నష్టాన్ని పాలసీ నుంచి మినహాయించే షరతు) ఉంది, దాడి జరిగాక మీరు కాగితం మీద ఏం రాశారు అన్న రెండింటి మీద అది ఆధారపడి ఉంటుంది. మొదటిది రెన్యూవల్ ముందు చేసుకునే పని. రెండోది దాడి జరిగిన రోజు, చేతులు వణుకుతున్నప్పుడు చేసే పని.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- పాలసీ పూర్తి కాపీ. షెడ్యూల్ అని పంపే రెండు పేజీలు చాలవు. క్లాజులన్నీ ఉండే వర్డింగ్, వెనక అతికించే ఎండార్స్‌మెంట్లు కూడా కావాలి.
- మీరు నింపి ఇచ్చిన ప్రపోజల్ ఫారం.
- బ్రోకర్‌తో, ఇన్సూరెన్స్ కంపెనీతో నడిచిన మెయిళ్లు.
- మీ సర్వర్లు ఏ ఊళ్లో ఉన్నాయో ఒక లిస్టు. క్లౌడ్ అయితే ముంబై రీజియనా, హైదరాబాదా, అమెరికాలోని వర్జీనియానా అని రాసుకోండి. ఎందుకో 3వ మెట్టులో తెలుస్తుంది.
- ఫైర్ పాలసీ ఉంటే అది కూడా.

రెండు గంటల పని. ఆదివారం పొద్దున్న పెట్టుకోండి.

1. క్లాజు ఎక్కడుందో పట్టుకోండి

పీడీఎఫ్ తెరిచి వార్, హాస్టైల్, సైబర్ ఆపరేషన్, స్టేట్ అనే నాలుగు ఇంగ్లీషు మాటలు వెతకండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే వెతుకులాట పనిచేయదు, ‘ఏమీ దొరకలేదు’ అని చూపిస్తుంది. దాన్ని నమ్మి సంబరపడకండి. బ్రోకర్‌ని వర్డ్ ఫైలు అడగండి, లేదా ఎక్స్‌క్లూజన్ల (మినహాయింపుల) పేజీలు కళ్లతో చదవండి.

వర్డింగ్‌లో ఒకటి ఉండి ఎండార్స్‌మెంట్‌లో ఇంకోటి ఉంటే మామూలుగా ఎండార్స్‌మెంటే చెల్లుతుంది. చాలామంది వర్డింగ్‌లో పాత క్లాజు చదివి ఊరుకుంటారు. అసలు క్లాజు 41వ పేజీ వెనక, పాలసీ ఇచ్చే రోజు అతికించిన కాగితంలో ఉంటుంది.

కరెంటు, టెలికాం, ఇంటర్నెట్ సరఫరా ఆగిపోతే వచ్చే నష్టానికి ‘ఇన్‌ఫ్రాస్ట్రక్చర్’ పేరుతో వేరే మినహాయింపు ఉంటుంది. దాన్నీ దీన్నీ కలిపి చదవకండి.

2. మీది ఏ రకమో తేల్చుకోండి

పాత రకంలో యుద్ధం, దండయాత్ర, విదేశీ శత్రువు చర్య, అంతర్యుద్ధం, ‘యుద్ధం ప్రకటించినా ప్రకటించకపోయినా’ అని పాతకాలం భాష ఉంటుంది. దాని కిందే సైబర్ టెర్రరిజానికి ఇది వర్తించదు అని ఒక వాక్యం ఉంటే మీ అదృష్టం. లేకపోతే అడిగి పెట్టించుకోవాలి.

కొత్త రకానికి పుట్టిల్లు లండన్. అక్కడ లాయిడ్స్ అనే పెద్ద బీమా మార్కెట్ ఉంది. దానిలోని లాయిడ్స్ మార్కెట్ అసోసియేషన్ (ఎల్ఎంఏ) 2021 నవంబరులో నాలుగు నమూనా క్లాజులు తెచ్చింది. వాటి నంబర్లు ఎల్ఎంఏ 5564 నుంచి 5567 వరకు. ప్రభుత్వాల అండతో జరిగే దాడుల విషయం పాలసీలో స్పష్టంగా రాయాల్సిందేనని లాయిడ్స్ 2022 ఆగస్టులో చెప్పింది. 2023 మార్చి 31 నుంచి మొదలయ్యే, రెన్యూ అయ్యే పాలసీలకు అది వర్తించింది. 2023లోనే క్లాజులను సవరించి ‘ఎ’, ‘బి’ అని రెండేసి రకాలు చేశారు. ‘ఎ’లో దాడి ఏ దేశం పని అన్నది ఎలా తేల్చాలో ఒక పేరా ఉంటుంది, ‘బి’లో ఉండదు. మన ఇన్సూరెన్స్ కంపెనీలు రీఇన్సూరెన్స్ (తమ నష్టానికి తాము తీసుకునే బీమా) కోసం బయటి మార్కెట్ల మీద ఆధారపడతాయి కాబట్టి ఆ భాష ఇక్కడి పాలసీల్లోకీ వస్తుంది.

నంబరు కనపడితే ఇలా చదువుకోండి. 5564 అన్నిటికన్నా కఠినం, దేశం చేయించిన సైబర్ దాడి ఏదైనా బయటే. 5565లో యుద్ధంలో భాగమైనవీ, దేశాన్ని కుదిపేసే పెద్దవీ బయట, మిగతా వాటికి సబ్‌లిమిట్ (మామూలు కన్నా తక్కువ పరిమితి). 5566లోనూ అవే బయట, మిగతా వాటికి మామూలు లిమిట్. 5567 అంతే, దానికి తోడు ఒక వెసులుబాటు ఉంటుంది. ఎక్కడో రెండు దేశాల గొడవలో పేల్చిన వైరస్ తిరుగుతూ వచ్చి, ఆ గొడవతో సంబంధం లేని దేశంలో ఉన్న మీ సర్వర్ మీద పడితే, పెద్ద దాడి అన్న కారణంతో కొట్టేయరు.

అలాంటిది జరుగుతుందా అంటే జరిగింది. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా నాట్‌పెట్యా అనే వైరస్ బయటికొచ్చింది. అది మెర్స్క్ అనే ఓడల కంపెనీని ముంచింది, ఇక్కడ ముంబై దగ్గర నవా షేవాలోని జేఎన్‌పీటీ రేవులో ఆ గ్రూపు నడిపే టెర్మినల్ పని కూడా ఆగింది. ఉక్రెయిన్‌కీ నవా షేవాకీ ఏం సంబంధం?

నంబరు ఏదీ లేకుండా కంపెనీ సొంత భాషే ఉంటే నేరుగా తర్వాతి మెట్టుకు రండి.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. “మెర్క్ కేసులో కోర్టు ఇప్పించింది కదా” అని ఆన్‌లైన్‌లో చదివినవాళ్లు ధీమాగా అంటారు. నిజమే. మందుల కంపెనీ మెర్క్ నాట్‌పెట్యా వల్ల సుమారు 140 కోట్ల డాలర్ల నష్టం చూపింది, ఇన్సూరెన్స్ కంపెనీలు యుద్ధం క్లాజు చూపాయి, న్యూజెర్సీ కోర్టు మెర్క్ వైపు తీర్పిచ్చింది, 2023 మేలో అప్పీలు కోర్టూ సమర్థించింది, 2024 జనవరిలో రాజీ అయింది. కానీ అది సైబర్ పాలసీ కాదు, ఆస్తుల పాలసీ. గెలిచింది కూడా క్లాజులో ఉన్నది పాతకాలం సైనిక యుద్ధం భాష కాబట్టి. మార్కెట్ ఆ భాషను మార్చుకుంది. మీ పాలసీలో కొత్త క్లాజు ఉంటే మెర్క్ తీర్పు మీకు పెద్దగా పనికిరాదు. ఇంకొకటి, బిస్కెట్ల కంపెనీ మాండలీజ్, ఇలాంటి గొడవతోనే 10 కోట్ల డాలర్లకు కోర్టుకెళ్లి నాలుగేళ్ల తర్వాత 2022లో రాజీపడింది. నాలుగేళ్లు ఆగగల ఓపిక మీకుందా అన్నది వేరే సంగతి.

3. క్లాజును మూడు ప్రశ్నలు అడగండి

భాష ఎంత మెలికలు తిరిగినా కొత్త క్లాజులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

ఎవరు? దాడి ఒక దేశం చేసిందా, లేదా ఆ దేశం తరఫున ఎవరైనా చేశారా? మామూలు దొంగలు డబ్బు కోసం చేస్తే యుద్ధం క్లాజుకు పనిలేదు.

ఎప్పుడు? దాడి యుద్ధంలో భాగమా? ఇక్కడ యుద్ధం అంటే ఒక దేశం ఇంకో దేశం మీద భౌతికంగా బలప్రయోగం చేయడం. ప్రకటించారా లేదా అన్నదానితో నిమిత్తం లేదు.

ఎంత? ఒక దేశంలో బ్యాంకులు, ఆసుపత్రులు, కరెంటు, నీళ్లలాంటి అత్యవసర సేవలు పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయా? మీ ఒక్క కంపెనీ మూతపడటం ఈ లెక్కలోకి రాదు.

2025 మే నెలకు పెట్టి చూడండి. ఆ నెల 7 నుంచి 10 వరకు మిసైళ్లు, డ్రోన్లు ఎగిరాయి. యుద్ధమని ఎవరూ ప్రకటించలేదు, కానీ ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు ఇన్సూరెన్స్ కంపెనీ తేలిగ్గానే ‘యుద్ధంలోనే’ అనగలదు. ‘ఎంత’ అన్నది నిలబడదు, దేశంలో బ్యాంకులూ ఆసుపత్రులూ నడుస్తూనే ఉన్నాయి. మిగిలింది ‘ఎవరు’. ఆ రోజుల్లో సుమారు 15 లక్షల దాడి ప్రయత్నాలు జరిగాయనీ, వాటిలో 150 మాత్రమే ఫలించాయనీ మహారాష్ట్ర సైబర్ విభాగం చెప్పింది. వాటిలో జెండా బొమ్మ పెట్టి వెబ్‌సైట్లు చెడగొట్టే ఉత్సాహవంతుల గుంపులూ ఉంటాయి. జెండా పెట్టినంత మాత్రాన ఆ దేశం తరఫున చేసినట్టు కాదు, అది నిరూపించాలి. ఆ నాలుగు రోజుల్లో మీ క్లెయిముకీ తిరస్కరణకీ మధ్య అడ్డంగా నిలబడేది ఈ ఒక్క ప్రశ్నే.

సర్వర్ల లిస్టు ఎందుకన్నానంటే, దాడి ఏ దేశం పని అని తేల్చేటప్పుడు మీ సర్వర్ ఉన్న దేశపు ప్రభుత్వం ఏమందో చూడొచ్చని కొన్ని క్లాజుల్లో ఉంటుంది. సర్వర్ వర్జీనియాలో ఉంటే అమెరికా ప్రభుత్వ ప్రకటన మీ క్లెయిములోకి వస్తుంది. నాట్‌పెట్యా రష్యా సైన్యం పనేనని అమెరికా, బ్రిటన్ అధికారికంగా అన్నది 2018 ఫిబ్రవరిలో, దాడి జరిగిన ఏడున్నర నెలలకు.

4. రెన్యూవల్‌కు నెల ముందే మెయిల్ పెట్టండి

ఫోన్లో అడిగింది అడిగినట్టు కాదు. బ్రోకర్‌కి మెయిల్లో ఇవి రాయండి.

క్లాజు 5564 అయితే 5567 ఇవ్వగలరా? సైబర్ టెర్రరిజానికి మినహాయింపు వర్తించదని రాసిస్తారా? మినహాయింపు వర్తిస్తుందని నిరూపించే బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీదేనని క్లాజులో ఉందా? ప్రభుత్వం తేల్చేవరకు డబ్బు ఆపుతామన్న వాక్యం ఉందా?

చివరిది ముఖ్యం. 2021 నాటి మొదటి రకం క్లాజుల్లో, ప్రభుత్వం తేల్చేలోగా కంపెనీ సహేతుకమైన అంచనాకు రావచ్చనీ, ఈలోగా చెల్లింపు ఉండదనీ ఉండేది. ఆ వాక్యం మీ పాలసీలో కనపడితే 2023 సవరణ క్లాజు పెట్టమని గట్టిగా అడగండి.

మార్చము అంటే? మీరు చిన్న కంపెనీ అయితే అదే అంటారు, ఆశ్చర్యపోకండి. అప్పుడు రెండు దారులు. ఇంకో కంపెనీ కోట్ తెప్పించి క్లాజులు పక్కపక్కన పెట్టి చూడండి, ప్రీమియంలో నాలుగు వేలు తక్కువకు ఆశపడి 5564 తీసుకోకండి. లేదంటే ఈ ముప్పు మీ నెత్తిన ఉందని తెలుసుకుని, ఆ డబ్బు బ్యాకప్ మీద పెట్టండి. నెట్‌వర్క్ నుంచి తీసి విడిగా ఉంచే ఒక బ్యాకప్ కాపీ ఏ క్లాజు కన్నా నయం.

‘ఎ’ మంచిదా ‘బి’ మంచిదా అని కూడా అడుగుతారు. మన చిన్న కంపెనీలకు ‘బి’ చాలని నా లెక్క. తేల్చే పద్ధతి రాసి లేకపోతే మామూలు న్యాయమే వర్తిస్తుంది, మినహాయింపు అన్నవాడే నిరూపించుకోవాలి.

5. దాడి జరిగిన రోజు ఏం రాయాలి, ఏం రాయకూడదు

ధర్మశాలలో ఐపీఎల్ మ్యాచ్ మధ్యలో ఆపేసిన రాత్రి గుర్తుందా? 2025 మే 8. ఆ రాత్రే పీణ్యలో నా క్లయింటు ఒకాయన సర్వర్ లాక్ అయింది. టీవీలో చూస్తే అదే గోల, కంప్యూటర్ తెరిస్తే ఫైళ్లు తెరుచుకోవడం లేదు. ఆయనకు రెండూ ఒకటే అనిపించాయి. పదకొండింటికి కస్టమర్లకు, సప్లయర్లకు, ఇన్సూరెన్స్ కంపెనీకి కలిపి ఒకే మెయిల్ కొట్టేశాడు: “పాకిస్తాన్ సైబర్ ఆర్మీ మా మీద దాడి చేసింది, డెలివరీలు ఆలస్యమవుతాయి.”

తర్వాత తేలిందేమిటంటే, ట్యాలీ సర్వర్‌లో ఇంటి నుంచి పనిచేసుకోవడానికి తెరిచిన రిమోట్ డెస్క్‌టాప్ అలాగే ఉండిపోయింది. పాస్‌వర్డ్ కంపెనీ పేరు, పక్కన 123. ఎవరో మామూలు రాన్సమ్‌వేర్ దొంగలు (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగేవాళ్లు) దూరారు. వాళ్లు లోపలికొచ్చింది ఏప్రిల్ 19న, కాల్పులకు చాలా ముందు. కానీ ఇన్సూరెన్స్ కంపెనీ మొదటి ఉత్తరంలోనే ఆయన మెయిల్‌ని కోట్ చేసి, యుద్ధం క్లాజు కింద పరిశీలిస్తున్నామని రాసింది. ఆ ఒక్క వాక్యాన్ని కడుక్కోవడానికి ఐదు వారాలు పట్టింది. తప్పు ఆయనదొక్కడిదే కాదు. పాలసీ ఇచ్చేటప్పుడు నేనీ మాట చెప్పలేదు.

కాబట్టి వరుస ఇది:

ఎ) మెషిన్లను నెట్‌వర్క్ నుంచి విడదీయండి. ఫార్మాట్ కొట్టకండి, ఆధారాలు పోతాయి.

బి) పాలసీలో ఉన్న నంబరుకు, మెయిలుకు వెంటనే ఇంటిమేషన్ ఇవ్వండి. వాళ్ల అనుమతి లేకుండా ఫోరెన్సిక్ వాళ్లను (దాడి ఎలా జరిగిందో తవ్వి తీసేవాళ్లను) పెట్టుకోకండి, దొంగలకు డబ్బు కట్టకండి. ఆ ఖర్చు మేం ఇవ్వం అని తర్వాత అంటారు.

సి) కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో తెలియజేయాలి. 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం ఇది తప్పనిసరి. లాగ్‌లు (సిస్టంలో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు భద్రపరచాలన్నదీ అందులోదే. పైన చెప్పిన ఏప్రిల్ 19 దొరికింది ఆ లాగ్‌ల వల్లే.

డి) ప్రతి కాగితంలోనూ చూసింది మాత్రమే రాయండి. ‘రాత్రి 10.40కి ఫలానా సర్వర్‌లో ఫైళ్లు తెరుచుకోలేదు, స్క్రీన్ మీద ఈ నోటు వచ్చింది, ఫొటో జతచేశాం.’ అంతే. ఏ దేశం, ఏ ఆర్మీ, ఏ గుంపు అన్నది మీ పని కాదు. వాట్సాప్ గ్రూపులకూ లింక్డిన్ పోస్టులకూ ఇదే రూలు.

ఇ) పోలీసు ఫిర్యాదులోనూ అంతే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు పోలీసులు బెదిరింపు వసూలుతో పాటు సైబర్ టెర్రరిజం కింద కూడా కేసు పెట్టారు. ఏ సెక్షన్ పెట్టాలో పోలీసుల ఇష్టం, మీరు సూచించకండి. సెక్షన్ పడితే కంగారు కూడా పడకండి. అది పోలీసుల ప్రాథమిక ఆలోచనే గానీ రుజువు కాదు.

జాగ్రత్త, దీన్ని దాచమని చెప్పినట్టు అర్థం చేసుకోకండి. ఊహ రాయొద్దు, తెలిసింది దాచొద్దు. సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి వచ్చేవాడు) అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దాచినట్టు తేలితే యుద్ధం క్లాజుతో పనిలేకుండానే క్లెయిమ్ పోతుంది.

6. ఫోరెన్సిక్ రిపోర్టును డ్రాఫ్ట్ దశలోనే చదవండి

‘ఈ పద్ధతులు ఫలానా దేశపు గుంపు వాడేవాటిని పోలి ఉన్నాయి’ అన్నదానికీ ‘ఫలానా గుంపు చేసింది’ అన్నదానికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా. అదే టూల్ ఎవరైనా కొనుక్కోవచ్చు. దొరికిన ఆధారాలు ఒక భాగంలో, అభిప్రాయం ఇంకో భాగంలో, ఎంత నమ్మకంతో అంటున్నారో దాని పక్కన రాయమని అడగండి. రిపోర్టు మార్చమని మాత్రం అడక్కండి. అడిగేది స్పష్టత వరకే.

డబ్బు కోసం చేసిన దాడి అని చూపే ప్రతిదీ భద్రపరచండి. రాన్సమ్ నోటు, వాలెట్ చిరునామా, బేరమాడిన చాట్, ముందే తెరిచి ఉన్న పోర్టు వివరాలు. నోటు ఒక్కటే చాలదు. నాట్‌పెట్యా కూడా 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది, కట్టినా ఫైళ్లు తిరిగొచ్చే ఏర్పాటే అందులో లేదు. వాళ్లు నిజంగా బేరమాడారా, ఒకటి రెండు ఫైళ్లు విప్పి చూపించారా అన్నది బలమైన ఆధారం.

7. ఇన్సూరెన్స్ కంపెనీ యుద్ధం క్లాజు చూపిస్తే

ముందు వచ్చే ఉత్తరం తరచుగా ‘మా హక్కులు మేం అట్టే పెట్టుకుంటున్నాం’ అన్న రకం. అది తిరస్కరణ కాదు. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు.

రాతపూర్వకంగా నాలుగు అడగండి. ఏ క్లాజు, అందులో ఏ ఉపవాక్యం? ఏ దేశం? ఆ దేశం తరఫున చేశారనడానికి ఆధారం ఏమిటి? మా నష్టంలో ఎంత భాగం దానివల్ల? జవాబుకు గడువు కూడా రాయండి. మినహాయింపు వర్తిస్తుందని చూపాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీయేనని మన సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. 2022 నవంబరు నాటి ఒక తీర్పులోనైతే, మినహాయింపు క్లాజులను పాలసీదారుకు సరిగా తెలియజేయకుండా తర్వాత వాటి వెనక దాక్కోవడాన్ని గట్టిగా తప్పుబట్టింది. మీ పాలసీ మెయిళ్లు దగ్గర పెట్టుకోమన్నది ఇందుకే.

తిరస్కరిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు, తర్వాత బీమా నియంత్రణ సంస్థ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు. వ్యక్తిగత పాలసీలకూ, సొంత యాజమాన్య సంస్థలకూ, సూక్ష్మ సంస్థలకూ 50 లక్షల వరకు అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దారి ఉంది, ఖర్చు లేదు. బెంగళూరులో జేపీ నగర్‌లోని జీవన్ సౌధలో, చెన్నైలో తేనాంపేట అన్నా సాలైలో ఆఫీసులున్నాయి. తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. అదే విషయం మీద కోర్టులోనో కన్జ్యూమర్ కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే తీసుకోరు. 2025 ఏప్రిల్ నుంచి సూక్ష్మ సంస్థ అంటే పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటనిది. మీ ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్ కాగితం) చూసుకోండి, ‘మాది ప్రైవేట్ లిమిటెడ్, మాకు వర్తించదు’ అని వదిలేసినవాళ్లను చూశాను. అంతకన్నా పెద్దవాళ్లు కన్జ్యూమర్ కమిషన్, ఆర్బిట్రేషన్, కోర్టు. ఇక్కడ లాయర్ కావాలి.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

పాలసీని మీ అకౌంట్స్ చూసే ఆమె చేతికిచ్చి పది నిమిషాల టైం పెట్టండి. యుద్ధం క్లాజు ఏ పేజీలో ఉంది, సైబర్ టెర్రరిజం కవర్ ఉందా, దాడి జరిగితే మొదటి ఫోన్ ఎవరికి, సెర్ట్-ఇన్‌కు ఎవరు రాస్తారు. నాలుగూ చెప్పగలిగితే మీ పని అయింది. రెండిటి దగ్గరే తడబడితే 1వ మెట్టుకు వెళ్లండి.

లాగ్‌లు 180 రోజులవి నిజంగా ఉన్నాయో లేదో ఐటీ కుర్రాడి మాట మీద వదిలేయకుండా, ఐదు నెలల కిందటి ఒక తేదీ చెప్పి తీసి చూపించమనండి.

ఇంకొకటి, మొన్న చెన్నైలో ఒకాయన దగ్గర చూశాను. పాలసీ, నంబర్లు, ప్రపోజల్ ఫారం అన్నీ ఒక ఫోల్డర్‌లో చక్కగా సర్ది పెట్టుకున్నాడు. ఆ ఫోల్డర్ ఉన్నది ఆఫీసు సర్వర్‌లో. సర్వర్ లాక్ అయితే మొదట పోయేది అదే. ప్రింటు తీసి బీరువాలో పెట్టండి, ఇంటిమేషన్ నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి.